హద్దూమ్ అనే పేరు

పక్కింటి జెర్ఫాకి రొట్టెల కొట్టతని భార్య చెప్పిందట, ఆవిడ స్వయంగా తన చెవులతో విన్నదట: లఖ్దర్ ఇంట్లో పిల్ల పుట్టిన ఏడోరోజు విందుకి పొట్టేలు కొన్నారు గానీ అది వట్టి ఎముకల గూడు, ఆడపిల్లకి ఆపాటిది చాల్లే అన్నాడట లఖ్దర్. పిల్లకి పేరు కూడా ఖాయమైపోయిందట. తల్లిని ఎవరూ అడగలేదట. పిల్ల తండ్రి, లఖ్దర్ కొడుకు నదీర్‌ని అడిగారట గానీ అతగాడు ఫోన్లోంచి తల ఎత్తితే కదా.

ఇదంతా జెర్ఫా గోడ మీదుగా మెడ చాచి, ఒక్క గుక్కలో హద్దూమ్‌కి అప్పజెప్పింది.

హద్దూమ్ తట్టలో ఆరబోసిన ఆప్రికాట్లు తిరగేస్తోంది. 

"ఏం పేరో అడగవేం?"

"అడక్కపోతే చెప్పకుండా ఉంటావా?"

"నీ పేరే!" జెర్ఫా అరచేత్తో గోడని చరిచింది. "మూడోది కూడా ఆడపిల్లేనాయె. ఇంక లాభం లేదు, మా అక్క పేరు పెట్టేద్దాం, దెబ్బకి ఆగిపోతుంది అన్నాడట మీ తమ్ముడు. నిన్ను పిలవడానికి వస్తాడు చూడు. అదృష్టవంతురాలివే, నీ పేరుకి ఎప్పుడూ గిరాకీయే."

హద్దూమ్ చేతిలో పండు చీలిక ఒకటుంది. పైకి బంగారంలా మెరుస్తోంది. వెనక్కి తిప్పితే తెల్లటి పురుగు మెలికలు తిరుగుతోంది. దాన్ని విసిరికొట్టి చెయ్యి గౌనుకి తుడుచుకుంది. తుడుచుకున్నా ఆ మెత్తదనం వేళ్లని వదల్లేదు.

హద్దూమ్ అంటే 'వీళ్ల హద్దు' అని. ఇక్కడితో వీళ్లు ఆగిపోవాలి అని. వీళ్లంటే ఎవరో ఔరెస్ కొండల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, ఆడపిల్లలు. ఆ మాట మనకీ కొత్తది కాదు, పొలం గట్టున మనం పోట్లాడుకునేదీ ఆ మాటతోనే. హద్దూమ్ వాళ్ల నాన్న తోట చివర రాయి పాతి దాన్ని హద్దు అనేవాడు. గ్లాసులో టీ పోస్తుంటే పైన చెయ్యి అడ్డం పెట్టి హద్దు అనేవాడు. గాడిద మీద బస్తాలు ఎక్కువైతే, ఇది దీని హద్దు, ఇక వెయ్యకండి అనేవాడు. గాడిద మీద అంత దయ ఉన్న మనిషి అదే మాటని తీసుకొచ్చి నాలుగో కూతురికి తగిలించాడు. ఆ పిల్ల హద్దా అయింది. హద్దా తరవాత కూడా ఆడపిల్లే పుట్టింది. రాయి లోతుగా పాతలేదనుకున్నారేమో, ఈసారి మాటని ఇంకాస్త బిగించి హద్దూమ్ అన్నారు. ఆ తరవాత లఖ్దర్ పుట్టాడు.

దాంతో పేరు పట్టుకుంది అన్నారు ఊరంతా. విత్తనం పట్టుకుంది అన్నట్టు, అంటు పట్టుకుంది అన్నట్టు.

అలాంటి పేర్ల వాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. మసీదు వీధిలో ఒక బర్కాహుమ్ ఉంది, 'ఇక వీళ్లు చాలు' అని దానర్థం. ఆమె తరవాత ఆ ఇంట్లో ఆడపిల్లలు వరద వచ్చినట్టు వచ్చారు. చిన్నప్పుడు ఆ ఆడపిల్లలంతా బిందెలు పట్టుకుని ఊట దగ్గరికి పోతుంటే కాఫీ హోటల్ ముందు కూర్చున్న మగాళ్లు, "అదుగో హద్దు పోతోంది, అదుగో చాలు పోతోంది, ఇంకా పోతూనే ఉన్నారు చూడండ్రా" అని పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్లలో ఎవడికీ తన పేరుకి అర్థం చెప్పుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

పట్టుకున్న పేరు ఊరు మొత్తానికి హద్దూమ్‌ది ఒక్కటే. అందుకే ఆమె నడికట్టు మీద అందరి కన్నూ. ఎవరింట్లో ఆడపిల్లకి ఆ పేరు పెట్టినా, పట్టుకున్న పేరు గల ఆడది వచ్చి తన ఉన్ని నడికట్టులోంచి ఒక పోగు లాగి, తన చేత్తోనే పసిగుడ్డు మణికట్టుకి కట్టాలి. పోగు కట్టని పేరు గింజ లేని పొట్టు అని ఊరివాళ్ల నమ్మకం. ఇన్నేళ్లూ ఎవరడిగినా హద్దూమ్ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటూ వచ్చింది. నడికట్టు ఉతికి ఆరేశానంది, ఎలుక కొరికిందంది, కోడలు పట్నం పట్టుకుపోయిందంది. పొగరు అన్నారు. ఉన్నది పంచుకోవడానికి కూడా మనసు రాదు అన్నారు. అంటే అననీ అనుకుంది. ఈసారి అడిగేది సొంత తమ్ముడు. ఎలుక కథ అక్కడ చెల్లదు.

లఖ్దర్ రానక్కర్లేకుండా మర్నాడు తనే వెళ్లింది, పిల్లని చూసినట్టూ ఉంటుంది, తన మాట తను చెప్పినట్టూ ఉంటుందని.

నదీర్ భార్య వసీలా బాత్నా పట్నం పిల్ల. పెళ్లికాకముందు అక్కడ బట్టలు కుట్టేది. ముగ్గురినీ పొట్ట కోసే తీశారు, అందుకని ఆమె ఇంకా గోడకి ఒరిగి, కాళ్లు చాపుకుని, దిండు పొట్టకి అదుముకుని కూర్చుంది. ఒళ్లో పిల్ల పాలు తాగి నిద్రపోతోంది. పెద్దవాళ్లిద్దరూ మంచం కింద దూరి బొమ్మకి పెళ్లి చేస్తున్నారు.

"చూడండి పెద్దత్తా, ముక్కు మీదే."

హద్దూమ్ పిల్లని ఎత్తుకుంది. పాల వాసన, జీలకర్ర వాసన. ముక్కు నిజంగానే తనదే, కొంచెం వంకర. ఆ ముక్కు కింద చిన్న నోరు ఏమీ ఎరగనట్టు తెరుచుకుని ఉంది.

"నువ్వేం పేరు అనుకున్నావే?"

"సెరీన్."

"సెరీన్." హద్దూమ్ ఆ మాటని నాలుక మీద పెట్టి చూసింది. "బావుంది. దీని అర్థమేంటి?"

"ఏమో అత్తా. అర్థం చూసి పెట్టలేదు. పిలవడానికి బాగుందని పెట్టాను."

హద్దూమ్ పిల్ల నుదుటి మీది జుట్టు సర్దింది. పిలవడానికి బాగుందని పేరు పెట్టడం అనేది ఆమె ఈ ఇంట్లో మొదటిసారి వింటోంది. బళ్లో మొదటి రోజున పట్నం నుంచి వచ్చిన పంతులు ఆమె పేరు చదివి ఆగిపోయి, "ఏం పేరమ్మా ఇది, మీ నాన్నకి ఇంకేమీ దొరకలేదా?" అని నవ్వాడు. పంతులు నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. పెళ్లయి అత్తారింటికి వెళ్తే అత్తగారు ఆమెని గుమ్మంలోనే ఆపి పొట్ట తడిమి, "మా ఇంట్లోనూ ఆడపిల్లలకి హద్దు పెట్టు తల్లీ" అంది. హద్దూమ్‌కి ముగ్గురూ కొడుకులే. ఒక్క కూతురుంటే బావుండునని పైకి అనడానికి కూడా ఆమెకి నోరు రాలేదు. ఆ మాట ఆమె నోటినుంచి వస్తే వింత అయిపోయేది.

"నేను పోగు కట్టను," అంది పిల్లని తల్లి ఒళ్లో పెడుతూ. "నీకు ముందే చెబుదామని వచ్చాను."

"మీరు కట్టకపోతే ఊరుకుంటారా? లాక్కుంటారు."

"లాక్కుంటే లాక్కోనీ. నా నడికట్టు నా నడుం మీద ఉంటే కదా లాక్కునేది."

వసీలా ఏదో చెప్పబోయింది. "పెద్దత్తా, ఒక సంగతి..." అని తలుపు వైపు చూసి ఆగిపోయింది.

తలుపు తోసుకుని తూనెస్ వచ్చింది. లఖ్దర్ భార్య. చేతిలో గిన్నె, గిన్నెలో వెన్నా తేనే పోసి కలిపిన వేయించిన రవ్వ. వెన్న పైకి తేలి మెరుస్తోంది. తూనెస్‌ది పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు. ఆమె గదిలోకి వస్తే గది సగం అయిపోతుంది.

"వచ్చావా వదినా! నేను చెప్పలా, మా వదిన పిలవకుండానే వస్తుందని. రక్తం ఊరుకుంటుందా?" అని కోడలి నోటి దగ్గర చెంచా పెట్టింది. "తిను. ఇంకో చెంచా. నడుం గట్టిపడాలి. నాలుగోవాడికి బలం కావద్దూ?"

వసీలా ఆ చెంచా వంక చూసింది, అత్త వంక చూసింది, ఉన్నట్టుండి నవ్వొచ్చింది ఆమెకి. కుట్లు లాగుతున్నాయేమో, పొట్ట మీద దిండు గట్టిగా నొక్కుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఏముందే అంత నవ్వడానికి?"

"ఏం లేదత్తా. వెన్న ఎక్కువైంది."

"సెరీన్ అట వదినా, విన్నావా? సబ్బు పేరులా లేదూ?" అంది తూనెస్. "ఆ పేరు పెడితే ఇంకో నలుగురు పుడతారు, ఒక్కోదానికీ ఒక్కో సబ్బు పేరు వెతుక్కోవాలి మనం."

తనన్న మాటకి తనే పకపకా నవ్వింది. మంచం కింద బొమ్మ పెళ్లి ఆగిపోయింది. పెద్ద పిల్ల తల బయటపెట్టి నాయనమ్మ ముఖంలోకి చూసి, మళ్లీ లోపలికి లాక్కుంది. ఆ చూపు హద్దూమ్‌కి తెలుసు. అర్థం కాకపోయినా తన గురించేనని తెలిసిపోయే చూపు అది. 

లఖ్దర్ ఆమెని తోట దాకా సాగనంపాడు. తోటంటే నాన్న తోట. అతను చెట్ల మధ్య నడుస్తూ కొమ్మలు వంచి కాయలు చూస్తూ, గొంతు తేనెలో ముంచి మాట్లాడాడు.

"అక్కా, నేనీ భూమ్మీద పడ్డానంటే నీ పేరు చలవే. అమ్మ ఎప్పుడూ అనేది. నిన్ను చూస్తే నాకు అమ్మని చూసినట్టే."

"అమ్మని చూసినట్టయితే అమ్మ మందుల కోసం పట్నం వెళ్లమంటే ఎందుకు వెళ్లలేదురా?"

"పాతవి తవ్వకు. చూడు, నాకు నదీర్ ఒక్కడే. వాడికి కొడుకు లేకపోతే ఏమవుతుంది? రేపు పెదనాన్న కొడుకులు వాటాకి దిగుతారు. ఆ రాయి చూశావా?" తోట చివర నాన్న పాతిన రాయి ఇంకా అక్కడే ఉంది. "అది పీకి అవతల పారేస్తారు. నాన్న పాతిన రాయి. నీకు నొప్పిగా ఉండదూ?"

"ఈ తోటలో నాకెంత వాటా వచ్చిందిరా?"

లఖ్దర్ కొమ్మ వదిలేశాడు. "నువ్వే వద్దన్నావుగా."

వద్దనలేదు. వద్దన్నావు అని చెప్పి వేలు పట్టుకుని ముద్ర వేయించారు. అక్కలందరి చేతా అలాగే వేయించారు. కానీ అది అనడం కూడా ఆమెకి అసహ్యంగానే ఉంది, వాడి నోట్లో నమిలి వదిలిన దాన్ని తన నోట్లో పెట్టుకున్నట్టుంది.

"పోగు కట్టను," అంది. "విందుకి వస్తాను, భోంచేస్తాను, పిల్లని దీవిస్తాను. పోగు మాత్రం కట్టను."

లఖ్దర్ నవ్వాడు. మగాడు చిన్నపిల్ల అలక చూసి నవ్వే నవ్వు అది. "వచ్చెయ్ అక్కా, చాలు," అన్నాడు. "నువ్వు రా. మిగతాది మేం చూసుకుంటాం."

ఏడోరోజున హద్దూమ్ నడికట్టు లేకుండా వెళ్లింది. ఔరెస్ ఆడవాళ్లలో పెద్దవయసు మనిషి నడికట్టు లేకుండా గడప దాటడం అంటే నలుగురూ తిరిగి చూసే సంగతే. చూడనీ అనుకుంది. గౌను వదులుగా వేలాడుతుంటే, దాన్ని చేత్తో పట్టుకుని నడిచింది.

పెరట్లో పొట్టేలు తోలు గోడ మీద ఆరేసి ఉంది, ఈగలు దాని మీద నల్లటి దుప్పటి కప్పాయి. నిజంగానే బక్క పొట్టేలు, జెర్ఫా ఒక్కోసారి నిజం కూడా చెబుతుంది. మగాళ్లు చెట్టు కింద చాపల మీద కూర్చుని కాల్చిన కార్జం ముక్కలు పుల్లలకి గుచ్చి అందుకుంటున్నారు. నదీర్ వాళ్ల మధ్యే ఉన్నాడు, ఒక చేతిలో పుల్ల, ఒక చేతిలో ఫోన్.

పెరటి చివర, కుళాయి దగ్గర, అక్క హద్దా ఒక్కతే కూర్చుని పేగులు కడుగుతోంది. ఎవరింట్లో విందయినా పేగులు కడిగేది ఆమే. పెళ్లి కాలేదు. తమ్ముడి ఇంట్లోనే వెనక గదిలో ఉంటుంది. పేగుని తిరగేసి, కత్తి మొద్దు వైపుతో గీకి, నీళ్లు పోసి, మళ్లీ తిరగేస్తోంది. చల్లటి నీళ్లకి వేళ్లు చిక్కుడుకాయల్లా ముడుచుకుపోయాయి.

హద్దూమ్ పక్కన చతికిలబడి ఒక పేగు అందుకుంది.

"నువ్వెందుకే ఇక్కడ? లోపలికి పో. నీ కోసం పరుపు వేశారు," అంది హద్దా.

"ఇక్కడే బావుంది."

"కంపు కొడుతుంటే బావుందంటావేంటి?"

"ఈ కంపు కడిగితే పోతుందే అక్కా."

హద్దా ముసిముసిగా నవ్వింది. పళ్లు లేవు ఆమెకి. "నువ్వు పుట్టిన రోజు నాకు గుర్తులేదనుకో, మరీ పసిదాన్ని. కానీ ఆ రోజు మంగళవారం సంత నుంచి మనింటికి వచ్చిన మేనత్త చెప్పేది. మళ్లీ ఆడపిల్లే అని తెలియగానే నాన్న వచ్చి ఉయ్యాల్లో ఉన్న నన్ను లాగి అవతల పారేశాడట. ఆపమని పెడితే ఆపలేదే ఇది అని." ఆమె పేగు బారుగా లాగి నీళ్లలో ఝాడించింది. "ఆ తరవాత ఏది చెడినా నేనే. మేక చచ్చినా నేనే, వడగళ్లు పడ్డా నేనే. నువ్వు ఆపావు, నేను ఆపలేదు. అంతే కదే మనిద్దరికీ తేడా."

"నేనేం ఆపాను అక్కా? వాడు పుట్టాడు, అంతే. వాడు పుట్టకపోతే ఈ పక్కన ఇంకో మనిషి కూర్చుని పేగులు కడుగుతూ ఉండేది."

హద్దా ఇంకో పేగు అందుకుంది. "అయితే పని తొందరగా అయ్యేది," అంది.

హద్దూమ్ నవ్వలేకపోయింది. ఈ మనిషికి పెళ్లి చూపులకి వచ్చిన వాళ్లు పేరు వినగానే కాదన్నారు, 'ఆపలేని హద్దు' మాకొద్దు అని. వెళ్తూ చేతులు కడుక్కుని మరీ పోయారు, భోజనం మాత్రం చేసే పోయారు.

లోపల్నుంచి తూనెస్ గొంతు వినిపించింది. "వదినా! ఎక్కడ? పేగుల్లో పడ్డావా ఏంటి? రా, వేళయింది!"

గదిలో ఆడవాళ్లు కిక్కిరిసి కూర్చున్నారు. జెర్ఫా అందరికన్నా ముందు, తలుపు పక్కనే, ఏదీ చెయ్యి జారిపోకుండా చూసుకుంటూ. మధ్యలో పళ్లెం నిండా కార్జం, ఇంకో పళ్లెంలో రొట్టె ముక్కలు కూర పులుసులో నానుతున్నాయి. నూనె పెదాలు, నూనె వేళ్లు. ఒకావిడ నములుతూనే, "రా రా తల్లీ, ఊరికి హద్దువి నువ్వు," అంది. అందరూ నవ్వారు. వసీలా మూల పరుపు మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో పిల్ల లేదు. పిల్ల తూనెస్ చేతుల్లో ఉంది.

"కట్టు వదినా," అంది తూనెస్.

"నడికట్టు తేలేదు. నదీర్ నాన్నకి చెప్పాను, కట్టనని."

"తెలుసు. చెప్పాడు." తూనెస్ ముఖం మీద నవ్వు చెక్కుచెదరలేదు. "అందుకే మేమే తెచ్చాం."

ఆమె పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని, పరుపు కింద చెయ్యి పెట్టి ఒక మూట తీసింది. మూట విప్పితే కర్పూరం ఉండల వాసన, దాని వెనక చిమ్మట పురుగుల వాసన. పాత నడికట్టు. ఎర్రటి ఉన్ని, పచ్చ చారలు. హద్దూమ్ పెళ్లికి ముందు కట్టుకున్నది, అమ్మ నేసింది. ఆమె అత్తారింటికి వెళ్లినప్పుడు పుట్టింటి పెట్టెలోనే ఉండిపోయింది. ఎన్నోసార్లు అడిగింది దాని కోసం. లేదు, పోయింది, చిమ్మట తినేసింది అన్నారు. చిమ్మట నిజంగానే తిన్నది, జల్లెడలా ఉంది. కానీ పోలేదు. దాచారు. ఇలాంటి రోజు వస్తుందని దాచారు.

 హద్దూమ్‌కి వచ్చింది కోపం కాదు, అసహ్యం. కోపం ఎప్పుడో వచ్చి పోయింది. అమ్మ చేతి నేతని ఇన్నేళ్లు పెట్టెలో కుళ్లబెట్టి, ఇవాళ దాన్ని పీక్కుతినడానికి బయటికి తీశారు.

"అది ఇటివ్వు."

"ఇస్తానుండు. ఒక్క పోగు." తూనెస్ పుటుక్కున పోగు లాగింది. ఇంకో చేత్తో హద్దూమ్ మణికట్టు పట్టుకుంది. కార్జం నూనె అంటిన చెయ్యి, వెచ్చగా, జిడ్డుగా. హద్దూమ్ లాక్కోబోయింది, జారిపోయింది, మళ్లీ దొరికింది. వెనక ఎవరో ఆమె భుజాలు పట్టుకున్నారు, జెర్ఫానే అయివుంటుంది, చెవి పక్కన ఆమె నవ్వు వినిపిస్తోంది. "పట్టండి, పట్టండి, పెళ్లికూతురు సిగ్గుపడుతోంది!" అని అరిచారెవరో. తూనెస్ ఆ పోగుని హద్దూమ్ వేళ్ల మధ్య పెట్టి, ఆ వేళ్లని తన వేళ్లతో నొక్కి, పిల్ల మణికట్టు చుట్టూ తిప్పి ముడేసింది. పసిదాని చెయ్యి పిచుక కాలంత ఉంది. ముడి బిగిసింది. పిల్ల ఏడుపందుకుంది.

"హద్దూమ్!" అని పిల్ల చెవిలో అరిచింది తూనెస్. "హద్దూమ్! మీ హద్దు ఇదే, ఇక రావద్దు!" ఆడవాళ్లంతా నాలుకలు ఆడించి కేరింతలు కొట్టారు. పెరట్లో మగాళ్లకి అర్థమై, వాళ్లూ ఈలలు వేశారు.

వదిలేశారు ఆమెని. పని అయిపోయింది కదా.

హద్దూమ్ పిల్ల మీదికి వంగింది. ముద్దు పెట్టుకుంటోందనుకున్నారు. జెర్ఫా "చూశారా, మనసు కరిగింది" అని కూడా అంది. హద్దూమ్ పిల్ల చేతిని పెదాలకి ఆనించుకుని, ముడి దగ్గర ముందరి పళ్లతో పట్టి, ఉన్ని పోగు పటుక్కున కొరికేసింది. నోట్లోకి చిమ్మట దుమ్ము, కర్పూరం చేదు, ఇంకొకరి చేతి నూనె. ఇంకొక్క క్షణం కూడా దాన్ని నోట్లో ఉంచుకోలేకపోయింది. తిరిగి, నడిమధ్య ఉన్న కార్జం పళ్లెంలోకి ఉమ్మేసింది.

ఎర్రటి పోగు నల్లటి ముక్కల మీద తడిగా పడి ఉంది. దానివైపు చెయ్యి చాచిన ఒకావిడ చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

"అయ్యో, తిండిలో ఉమ్మింది!" అంది జెర్ఫా. ఇంత మంచి కబురు ఇకముందు దొరకదని ఆమె గొంతులోనే తెలుస్తోంది.

"దీనికి పిచ్చి పట్టింది," అని తూనెస్ కేక వేసింది. "ఏమయ్యో, రా, వచ్చి చూడు మీ అక్క చేసిన పని!"

లఖ్దర్ వచ్చాడు. వెనకాల నదీర్, వాళ్ల వెనక ఇంకో ఇద్దరు మగాళ్లు గుమ్మం బయటే నిలబడి మెడలు చాచారు. లఖ్దర్ పళ్లెం చూశాడు, పిల్ల ఖాళీ మణికట్టు చూశాడు. తేనె గొంతు ఎటు పోయిందో పోయింది.

"నలుగురిలో నా తల తీసి రోడ్డు మీద పెట్టావు. నీకు హద్దూ పద్దూ లేదా?"

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అన్నాక అతనికే ఏదో తట్టినట్టు కళ్లు అటూ ఇటూ తిప్పాడు.

"ఉందిరా," అంది హద్దూమ్. తడబడకుండా, అమ్మ నడికట్టుని తూనెస్ ఒళ్లోంచి తీసుకుని నడుముకి చుట్టుకుంటూ అంది. చిరుగుల్లోంచి లోపలి గౌను కనబడుతోంది. "పుట్టిన దగ్గర్నుంచీ ఉంది. నాన్న నన్ను నీ కోసం పాతాడు. రాయికి రెండు వైపులుంటాయి కదరా, నీ వైపు చెట్లు కాశాయి. నా వైపు అక్క కూర్చుని పేగులు కడుగుతోంది. వెళ్లి చూసిరా, చూడకపోతే ఆ పేగులే సాయంత్రం నీ కంచంలోకి వస్తాయి. దీన్ని మాత్రం పాతనివ్వను."

"ఏం పోతుందే దానికి? పేరేగా!" అన్నాడు. "పేరు కరుస్తుందా?"

"పేరేగా అయితే నీ మనవరాలికెందుకు? నువ్వే పెట్టుకో."

గుమ్మం బయట ఎవరో ఫక్కుమన్నారు. లఖ్దర్ మెడ ఎర్రబడింది. వేలు చూపించి, ఉమ్ము తుంపర్లు పడేలా, గది మొత్తానికీ వినపడేలా అన్నాడు:

"అయితే వినండి అందరూ. నాలుగోది కూడా ఆడపిల్లే పుడితే ఆ పాపం దీనిది! నాకు వంశం లేకుండా పోతే దీని వల్లే! నేను ఇప్పుడే చెబుతున్నా!"

"చెప్పండి మామయ్యా, గట్టిగానే చెప్పండి," అంది ఒక గొంతు.

వసీలా పరుపు మీదనుంచి లేచింది. ఒక చెయ్యి కుట్ల మీద ఉంది, రెండో చెయ్యి గోడ మీద. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి తూనెస్ చేతుల్లోంచి పిల్లని తీసుకుంది. తూనెస్ ఇవ్వనని అనలేదు, ఏం జరుగుతోందో ఆమెకి ఇంకా అందలేదు. వసీలా పిల్లని భుజాన వేసుకుంది. అప్పుడు గుమ్మం వైపు చూసింది. నదీర్ ఫోన్ జేబులో పెట్టేశాడు. అప్పుడే చేతిలో ఉన్న పుల్లని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు వెనక్కి దాచుకున్నాడు.

హద్దూమ్ అతని ముఖం చూసింది. చూడగానే ఆమెకి మొన్నటి నవ్వు గుర్తొచ్చింది, చెంచా ముందు వసీలా నవ్విన నవ్వు. ఇన్ని రోజులూ ఈ కుర్రాడికి తెలుసు. తెలిసే పొట్టేలు కొనడానికి సంతకి వెళ్లాడు, తెలిసే తోలు ఒలిచాడు, తెలిసే ఈల వేశాడు.

"పిల్ల పేరు సెరీన్," అంది వసీలా. "నాలుగోది ఉండదు. పొట్ట కోసినప్పుడే ఇక పిల్లలు పుట్టకుండా లోపల ముడేసేశారు, ఇంకోసారి కోస్తే చచ్చిపోతానని. డాక్టరు మీ అబ్బాయిని అడిగి, అతను సరే అన్నాకే వేశాడు. అదిగో అక్కడే ఉన్నాడుగా మామయ్యా, నోట్లో కార్జం మింగేశాక అడగండి."